వాసం చివర బాంబు నుంచి టీబీ-1 దాకా: కుషింగ్ అనే మనిషి, కుషింగ్ అనే పడవ

అమెరికా నౌకాదళం లెక్కల్లో ఒకటో నంబరు టార్పెడో పడవ పేరు కుషింగ్. టీబీ-1 అని రాసేవారు. 1890లో నీళ్లలోకి దిగింది, 1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో తిరిగింది, కానీ ఒక్క శత్రు ఓడను కూడా టార్పెడోతో ముంచలేదు. దానికి ఎవరి పేరు పెట్టారో ఆ విలియం బార్కర్ కుషింగ్ మాత్రం 1864లోనే ఒక ఇనుప కవచపు యుద్ధనౌకను టార్పెడోతో ముంచాడు. అయితే అతను వాడిన టార్పెడోకి, ఆ పడవ గొట్టాల్లో పెట్టిన టార్పెడోకి పోలిక చాలా తక్కువ. మొదటిది వాసం చివర తగిలించిన మందుగుండు డబ్బా. రెండోది నీళ్లలో తనంతట తానే దూసుకుపోయే యంత్రం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేసి చదివితే ఆ కాలపు నౌకాయుద్ధాలు ఓ పట్టాన అర్థం కావు. విడదీసి చూస్తే మాత్రం అంతా ఒక్క సమస్య చుట్టూనే తిరిగిందని తెలుస్తుంది: పేలుడు జరిగే చోటు నుంచి పేల్చే మనిషిని ఎంత దూరంగా ఉంచగలం?

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్న అమెరికా అంతర్యుద్ధం (1861-65) రోజుల్లో టార్పెడో అంటే ఇవాళ మనం మైన్ అంటున్నదే. నీళ్లలో ఒకచోట కట్టి ఉంచుతారు, ఓడ వచ్చి తగిలితే పేలుతుంది. 1864 ఆగస్టులో మొబైల్ బే దగ్గర టెకుమ్సే అనే ఉత్తరాది యుద్ధనౌక ఇలాంటి దానికే తగిలి మునిగిపోయింది. మైన్‌తో చిక్కేంటంటే శత్రువు దాని దగ్గరికి రావాలి, రాకపోతే అది దండగ. మరి దాన్నే శత్రువు దగ్గరికి తీసుకెళితే? అలా పుట్టిందే వాసపు టార్పెడో. చిన్న పడవ ముందు భాగంలో పొడవాటి వాసం, దాని కొసన బాంబు. చీకట్లో వెళ్లి ఓడ అడుగున దాన్ని ఆనించి పేల్చాలి.

ఈ పద్ధతిని కుషింగే మొదట వాడాడని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. దక్షిణాది వాళ్లు అతనికన్నా ముందే వాడారు. 1863 అక్టోబర్‌లో చార్ల్స్‌టన్ దగ్గర డేవిడ్ అనే చిన్న ఆవిరి పడవ న్యూ ఐరన్‌సైడ్స్ అనే పెద్ద నౌకను ఇలాగే కొట్టింది, నౌక దెబ్బతింది కానీ మునగలేదు. 1864 ఫిబ్రవరి 17న హన్లీ అనే చేత్తో తిప్పే జలాంతర్గామి హౌసటోనిక్ అనే ఓడను ముంచేసింది, ఆ రాత్రే తానూ మునిగిపోయింది, లోపలున్న ఎనిమిది మందీ చనిపోయారు. వాసపు టార్పెడో పని చేస్తుందని అప్పటికే రుజువైంది. వాడిన వాళ్లు బతికి బయటపడతారా అన్నదే అసలు అనుమానం.

కుషింగ్ 1842లో విస్కాన్సిన్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రెడోనియా అనే ఊళ్లో పిల్లల్ని పెంచింది. ఆ ఇంటి నుంచి నలుగురు కొడుకులు ఉత్తరాది పక్షాన యుద్ధంలో పనిచేశారు. వాళ్లలో అలోంజో గెటిస్‌బర్గ్‌లో తన ఫిరంగుల దగ్గరే ప్రాణం వదిలాడు, అతనికి అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది మాత్రం 2014లో, అంటే చనిపోయిన 151 ఏళ్లకు. మన కుషింగ్ అనాపొలిస్‌లోని నౌకాదళ అకాడమీలో చేరాడు, అల్లరి ఎక్కువ, చదువు తక్కువ, స్పానిష్ పరీక్షలో దెబ్బతిన్నాడు, చివరికి 1861 మార్చిలో రాజీనామా చేయించి పంపేశారు. నెల తిరక్కుండా యుద్ధం మొదలైంది. మనుషులు కావాల్సి రావడంతో మళ్లీ తీసుకున్నారు. 1862లో లెఫ్టినెంట్ అయ్యాడు, అప్పటికి ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు.

అతను రాత్రిపూట దాడులకు పేరుబడ్డాడు. 1864 ఫిబ్రవరిలో కేప్ ఫియర్ నది ముఖద్వారంలో ఉన్న స్మిత్‌విల్ అనే ఊళ్లోకి కొద్దిమందితో పడవల్లో వెళ్లి, అక్కడి దక్షిణాది జనరల్ని నిద్రలోనే ఎత్తుకొద్దామని చూశాడు. ఆ రాత్రి జనరల్ ఊళ్లో లేడు, అతని దగ్గర పనిచేసే అధికారిని పట్టుకుని వెనక్కి వచ్చేశాడు. ఇవన్నీ తెగువ కథల్లా చెబుతుంటారు కానీ నాకు వీటిలో కనిపించేది తెగువ కన్నా అలవాటు. చీకట్లో నదిలో ఇంజిన్ చప్పుడు ఎంత దూరం వినిపిస్తుంది, కాపలావాడు ఎక్కడ ఉంటాడు, ఒడ్డుకి ఎంత దగ్గరగా పోవచ్చు, ఇలాంటివన్నీ అతను చేసి నేర్చుకున్నాడు. ఆ అనుభవమే అక్టోబర్‌లో అక్కరకొచ్చింది.

ఇప్పుడు ఆ ఇనుప నౌక సంగతి. అల్బెమార్ల్ అనే ఆ దక్షిణాది నౌకను నార్త్ కరోలినాలో రోనోక్ నది ఒడ్డున ఒక మొక్కజొన్న చేనులో కట్టారు. దగ్గర్లో సరైన నౌకా నిర్మాణ కేంద్రమే లేదు. కట్టించే బాధ్యత తీసుకున్న గిల్బర్ట్ ఇలియట్‌కి అప్పటికి ఇరవయ్యేళ్ల లోపే. ఇనుము దొరక్క దాని కెప్టెన్ కుక్ ఎక్కడెక్కడి ముక్కలో ఏరుకొచ్చాడు. పొడవు 158 అడుగులు, రెండు బ్రూక్ ఫిరంగులు, పైన రెండంగుళాల ఇనుప పలకలు రెండు వరుసలు. 1864 ఏప్రిల్ 19న తెల్లవారకముందే అది ప్లిమత్ పట్నం దగ్గర ఉత్తరాది ఓడల మీదకి వచ్చింది. సౌత్‌ఫీల్డ్‌ను ముక్కుతో పొడిచి ముంచేసింది. పక్కనే ఉన్న మయామీ ఓడ పేల్చిన గుండ్లు ఆ ఇనుప గోడకి తగిలి చెదిరిపోయాయి, అలా వెనక్కి ఎగిరొచ్చిన ఒక గుండు పేలి మయామీ అధికారి ఫ్లుసర్ అక్కడికక్కడే చనిపోయాడు. ఫ్లుసర్ కుషింగ్‌కి స్నేహితుడు. మర్నాటికి ప్లిమత్ దక్షిణాది చేతికి చిక్కింది. మే నెలలో ఉత్తరాది ఓడలు చాలా కలిసి దాని మీద పడ్డా, ఒకటైతే దాన్ని ఢీకొట్టినా, అది మునగకుండా ప్లిమత్‌కి చేరి అక్కడే లంగరేసింది. ఒక్క ఓడ కూర్చుంటే చుట్టుపక్కల నదులన్నీ కదలకుండా ఆగిపోయాయి. దాన్ని ఎదిరించే ఇనుప ఓడల్ని పంపాలంటే వాటికి సరిపడా లోతు ఆ నీళ్లకి లేదు.

కుషింగ్ పై అధికారుల ముందు రెండు పథకాలు పెట్టాడు. ఒకటి, వందమందితో రబ్బరు పడవలు మోసుకుంటూ చిత్తడి అడవిలోంచి వెళ్లి ఓడెక్కి పట్టుకోవడం. రెండోది, చిన్న ఆవిరి లాంచీల మీద నదిలోంచి పోయి వాసపు టార్పెడోతో కొట్టడం. రెండోదే ఖాయమైంది. న్యూయార్క్‌లో ముప్పై అడుగుల లాంచీలు రెండు సిద్ధం చేయించుకున్నాడు, ముందు భాగంలో చిన్న ఫిరంగి, పక్కన పద్నాలుగు అడుగుల వాసం. దారిలోనే ఒక లాంచీ దక్షిణాది వాళ్లకి దొరికిపోయింది. మిగిలిన ఒక్కదానితోనే పని కానివ్వాలి.

ఈ టార్పెడో వాడే తీరు కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే అతను చేసిన పని కష్టమంతా అక్కడే ఉంది. నౌకాదళ ఇంజినీర్లు వుడ్, లే తయారుచేసిన ఈ బాంబు తగలగానే పేలదు. ముందు వాసాన్ని నీళ్లలోకి దించాలి. శత్రు ఓడ అడుగు కిందికి వెళ్లాక ఒక తాడు లాగితే బాంబు వాసం నుంచి విడిపోతుంది. లోపల కాస్త గాలి ఉంటుంది కాబట్టి మెల్లగా పైకి తేలి ఓడ పొట్టకి ఆనుతుంది. అప్పుడు ఇంకో తాడు లాగాలి. లాగితే సూది ఊడి, లోపలున్న ఇనుప గుండు జారి కింద ఉన్న, దెబ్బ తగిలితే నిప్పు రాజుకునే క్యాప్ మీద పడి అది పేలుతుంది. మొదటి తాడుకీ రెండో తాడుకీ మధ్య ఓపిగ్గా ఆగాలి. గట్టిగా లాగినా, తొందరపడినా అంతా వృథా. ఈ తాళ్లన్నీ కుషింగ్ తన చేతుల్లోనే పెట్టుకున్నాడు. అవతల తుపాకులు పేలుతుంటే కూడా బాంబు పైకి తేలేదాకా ఆగాల్సిందే.

1864 అక్టోబర్ 27 రాత్రి, వాన, కటిక చీకటి. అంతకుముందు రాత్రి ఒకసారి బయల్దేరి లాంచీ నేలకి తగులుకోవడంతో వెనక్కి రావాల్సి వచ్చింది. ఈసారి నదిలో ఎనిమిది మైళ్లు పైకి వెళ్లారు. వెనక ఒక పడవని తాడుతో లాక్కెళ్లారు, దారిలో మునిగి ఉన్న సౌత్‌ఫీల్డ్ మీద కాపలా ఉన్న దక్షిణాది వాళ్ల పని పట్టడానికి. ఆ కాపలావాళ్లు అసలు గమనించనేలేదు. కుషింగ్ మనసులో అప్పటిదాకా ఇంకో ఆశ కూడా ఉంది, కుదిరితే ఓడని పేల్చకుండా ఎక్కి పట్టుకుని తీసుకెళ్లిపోదామని. ఓడ దగ్గరికి వచ్చేసరికి కాపలావాడు కేకేశాడు, ఆ ఆశ అక్కడితో పోయింది.

ఒడ్డున మంట వెలిగింది. ఆ వెలుగులో కుషింగ్‌కి కనిపించింది ఓడ ఒక్కటే కాదు, దాని చుట్టూ నీళ్లలో కట్టిన దుంగల కంచె కూడా. ఇలాంటి పడవలు దగ్గరికి రాకూడదనే ఓడకి కొన్ని అడుగుల దూరంలో దాన్ని కట్టారు. పద్నాలుగు అడుగుల వాసం అక్కడి నుంచి అందదు. అప్పుడు అతను చేసిందేంటంటే, లాంచీని నది మధ్యకి తిప్పి, చుట్టు తిరిగొచ్చి, పూర్తి వేగంతో దుంగలకి ఎదురుగా పోనిచ్చాడు. దుంగలు నెలల తరబడి నీళ్లలో నాని పాచి పట్టి ఉంటాయి, జారుతాయి అని లెక్కేశాడు. లాంచీ ఎక్కి జారింది. ఇక వెనక్కి రావడం కుదరదని అతనికి అప్పుడే తెలుసు. అటు నుంచి కాల్పులు మొదలయ్యాయి, అతని కోటు వెనక భాగం చిరిగిపోయింది, బూటు అడుగు ఎగిరిపోయింది. వాసం దించాడు, మొదటి తాడు లాగాడు, ఆగాడు, రెండో తాడు లాగాడు. సరిగ్గా అదే క్షణంలో అల్బెమార్ల్ ఫిరంగి పేలింది, మరీ దగ్గరగా ఉండటంతో దాని నోరు కిందికి వంగక గుండ్లు లాంచీ మీదుగా పోయాయి. ఓడ అడుగున పెద్ద కన్నం పడి అక్కడే కూరుకుపోయింది.

కుషింగ్ బూట్లు, కోటు విప్పేసి నదిలోకి దూకాడు. అక్టోబర్ చివరి చన్నీళ్లు. ఈదుతుంటే తన మనిషి వుడ్‌మన్ అలిసిపోయి కనిపించాడు, లాక్కెళ్లాలని చూశాడు, కుదరలేదు, వుడ్‌మన్ మునిగిపోయాడు. తెల్లారేసరికి కుషింగ్ బురదలో పడి ఉన్నాడు. ఓడ నిజంగా మునిగిందో లేదో అతనికి తెలీదు. ఆ రోజు దారిలో ఎదురైన ఒక నల్లజాతి మనిషి వల్ల ఆ వార్త తెలిసింది. తర్వాత కాపలావాళ్ల పడవొకటి దొంగిలించి, గంటల తరబడి తెడ్డేసుకుంటూ ఆ రాత్రి తమ ఓడ వ్యాలీ సిటీని చేరుకున్నాడు. అతనితో వెళ్లిన వాళ్లలో తప్పించుకున్నది ఇంకొక్కడే. ఇద్దరు మునిగిపోయారు, మిగతా అందరూ పట్టుబడ్డారు. అక్టోబర్ 31కల్లా ప్లిమత్ మళ్లీ ఉత్తరాది చేతికొచ్చింది. కుషింగ్‌కి 22 ఏళ్లు నిండటానికి ఇంకా నాలుగు రోజులుంది. అతన్ని లెఫ్టినెంట్ కమాండర్ చేశారు, కాంగ్రెస్ ధన్యవాదాలు తెలిపింది. వెంట ఉన్న నావికులకి మెడల్ ఆఫ్ ఆనర్ దక్కింది, అతనికి రాలేదు, ఎందుకంటే అప్పట్లో నౌకాదళ అధికారులకి ఆ పతకం ఇచ్చేవారే కాదు.

తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఫోర్ట్ ఫిషర్ అనే దక్షిణాది కోట మీద దాడిలో పాల్గొన్నాడు, పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు కూతుళ్లు పుట్టారు. ఏళ్ల తరబడి నడుము, తుంటి నొప్పితో నరకం అనుభవించాడు. 1874 డిసెంబర్ 17న వాషింగ్టన్‌లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో 32 ఏళ్లకే చనిపోయాడు. అనాపొలిస్‌లో, తనని బయటికి పంపిన ఆ అకాడమీ శ్మశానంలోనే పాతిపెట్టారు.

ఇక దూరం సంగతికి వద్దాం. వాసం పద్నాలుగు అడుగులు, అంతే. అందులో బతికి రావడం అదృష్టం, యుద్ధ పద్ధతి కాదు. 1866లో అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఫ్యూమ్ రేవులో రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు తయారుచేసిన యంత్రం ఈ లెక్కని మార్చేసింది. అణచిపెట్టిన గాలితో నడిచే ఇంజిను, వెనక ఫ్యాను, నీటి ఒత్తిడిని బట్టి లోతు సరిచూసుకునే ఏర్పాటు. ఇవాళ విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్రం అనే టార్పెడో కూడా ఆ వంశంలోనిదే, కాకపోతే అది బ్యాటరీతో నడుస్తుంది. మొదట్లో వైట్‌హెడ్ టార్పెడో నెమ్మదిగా, కొద్ది దూరమే వెళ్లేది. ఏటేటా మెరుగుపడింది. 1878 జనవరిలో బాటుమీ దగ్గర రష్యన్ పడవలు టర్కీ ఓడ ఒకదాన్ని దీంతోనే ముంచాయి. 1891 ఏప్రిల్‌లో చిలీ అంతర్యుద్ధంలో బ్లాంకో ఎంకలాడా అనే ఇనుప నౌక ఇలాగే పోయింది. చిన్న పడవ, చవక పడవ, కోట్లు పోసి కట్టిన నౌకని ముంచేస్తుందంటే ఏ దేశ నౌకాదళానికి టెన్షన్ ఉండదు?

అమెరికా ఈ విషయంలో వెనకబడింది. అంతర్యుద్ధం అయ్యాక ఆ దేశం తన నౌకాదళాన్ని దాదాపు పట్టించుకోలేదు. న్యూపోర్ట్‌లో టార్పెడో కేంద్రం 1869లోనే పెట్టారు కానీ వైట్‌హెడ్ రహస్యాన్ని కొనడానికి చాలాకాలం డబ్బు పెట్టలేదు. హౌవెల్ అనే నౌకాదళ అధికారి సొంతంగా ఇంకో రకం కనిపెట్టాడు. గాలి బదులు బరువైన చక్రాన్ని నిమిషానికి దాదాపు పదివేల సార్లు తిప్పి వదిలితే ఆ ఊపుతోనే టార్పెడో పోతుంది, బుడగలు రావు కాబట్టి దారి కనిపించదు, తిరిగే చక్రం వల్ల పక్కకి కూడా పోదు. నిజంగా మంచి ఆలోచన. కానీ వేగంలోనూ దూరంలోనూ వైట్‌హెడ్ రకం ముందుకెళ్లిపోయింది, చివరికి అమెరికా కూడా అటే వెళ్లింది.

ఈ పరిస్థితుల్లో 1886లో కాంగ్రెస్ ఒక టార్పెడో పడవకి అనుమతిచ్చింది. కట్టే పని రోడ్ ఐలాండ్‌లోని బ్రిస్టల్‌లో ఉన్న హెరెషాఫ్ సంస్థకి వెళ్లింది. అన్నదమ్ములు ఇద్దరు. వ్యాపారం చూసుకునే జాన్‌కి చిన్న వయసులోనే చూపు పోయింది, ఆకృతులు గీసేది తమ్ముడు నాథానియల్. వేగంగా పోయే పడవలంటే అమెరికాలో అప్పుడు వీళ్లే. అంతకుముందే వీళ్లు కట్టిన స్టిలెట్టో అనే చెక్క పడవని నౌకాదళం కొని టార్పెడోలకి వాడుకుంది, కాబట్టి మొదటిది అదే కదా అని వాదించేవాళ్లు ఉన్నారు. వాదన సబబే, కాకపోతే అది విహారానికి కట్టింది, తర్వాత మార్చుకున్నది. టార్పెడోల కోసమే ఉక్కుతో మొదటినుంచీ కట్టించుకున్నది కుషింగ్. 1890 జనవరి 23న నీళ్లలోకి దింపారు, ఏప్రిల్ 22న సేవలోకి వచ్చింది. పొడవు 140 అడుగులు, వెడల్పు పదిహేను, బరువు 116 టన్నులు, సిబ్బంది 22 మంది, మూడు టార్పెడో గొట్టాలు, వేగం దాదాపు 23 నాట్లు, అంటే గంటకి 42 కిలోమీటర్లు. ఆ రోజులకి అది చాలా ఎక్కువ.

పేరు ఎంచుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. చిన్న పడవతో పెద్ద ఓడని ముంచిన అమెరికన్ అంటే అందరికీ గుర్తొచ్చేది అతనే. అయితే ఆ పేరుతో పాటు ఒక అపోహ కూడా అంటుకుందని నా అభిప్రాయం. కుషింగ్ గెలిచింది కదలకుండా కట్టేసి ఉన్న ఓడ మీద, ఇరుకు నదిలో, వాన పడుతున్న చీకట్లో, ఆ చోటు గురించి నెలల తరబడి తెలుసుకున్నాక. టార్పెడో పడవల్ని పంపాల్సింది మాత్రం సముద్రం మీదకి.

సముద్రం ఏం చేసిందో 1898లో తేలింది. ఎక్కువ కాలం న్యూపోర్ట్‌లో ప్రయోగాలకే వాడిన కుషింగ్‌ను ఆ జనవరిలో ఫ్లోరిడా కొసన ఉన్న కీ వెస్ట్‌కి పంపారు. అప్పుడు దాని అధికారి లెఫ్టినెంట్ ఆల్బర్ట్ గ్లీవ్స్, తర్వాత అడ్మిరల్ అయ్యాడు. హవానా రేవులో మెయిన్ అనే అమెరికా నౌక ఉంది. ఫిబ్రవరి 11న కుషింగ్ అటు వెళ్తుంటే సముద్రం బాగా పోటెత్తింది. నీటికి అంత తక్కువ ఎత్తులో ఉండే పడవ మీద అలలు నేరుగా ఎక్కి దిగుతాయి. బ్రెకిన్‌రిడ్జ్ అనే కుర్ర అధికారిని ఒక అల లాక్కెళ్లిపోయింది. జాన్ ఎవరెట్స్ అనే నావికుడు, డేనియల్ అట్కిన్స్ అనే వంటవాడు అతన్ని కాపాడటానికి ప్రాణాలకి తెగించారు, కాపాడలేకపోయారు. ఇద్దరికీ మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. నాలుగు రోజులకి మెయిన్ పేలిపోయింది, రెండు నెలలకి యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలో కుషింగ్ క్యూబా తీరంలో దిగ్బంధానికి కాపలా కాసింది, ఉత్తరాలు మోసింది, ఆగస్టులో కొన్ని చిన్న తెరచాప పడవల్ని పట్టుకుంది. దాని తర్వాత వచ్చిన విన్స్‌లో అనే టార్పెడో పడవకైతే మే 11న కార్డెనాస్ రేవులో ఒడ్డున ఉన్న ఫిరంగులతో తలపడాల్సి వచ్చింది, పల్చటి రేకు లాంటి దాని గోడలు తట్టుకోలేదు, ఐదుగురు చనిపోయారు. పట్టపగలు ఫిరంగికి ఎదురుగా నిలబడటం ఈ పడవలు చేసే పనే కాదు. వాటిని చేతిలో ఉన్నాయి కదా అని వాడేశారు, అంతే.

ఈలోగా బ్రిటన్‌లో ఇంకో మార్పు వచ్చింది. టార్పెడో పడవల్ని తరిమికొట్టడానికి వాటికన్నా పెద్దవి, వేగమైనవి, ఎక్కువ ఫిరంగులున్నవి 1890ల మొదట్లో కట్టడం మొదలుపెట్టారు. వీటిలో కూడా టార్పెడోలుంటాయి, పైగా సముద్రాన్ని తట్టుకుంటాయి. ఇవే డిస్ట్రాయర్లు. టార్పెడో పడవని చంపడానికి పుట్టి, దాని పనిని కూడా తామే తీసేసుకున్నాయి. అమెరికా మొదటి డిస్ట్రాయర్ బెయిన్‌బ్రిడ్జ్ 1902లో వచ్చింది. పాత కుషింగ్ నార్ఫోక్‌లో నిల్వ పడవల మధ్య కొన్నేళ్లు గడిపి, 1920 సెప్టెంబర్ 24న సాధన కోసం లక్ష్యంగా పెడితే మునిగిపోయింది.

ఆ పేరు మాత్రం డిస్ట్రాయర్లకి వెళ్లింది. 1915లో ఒకటి, 1936లో సేవలోకొచ్చిన ఇంకొకటి. ఆ రెండోది 1942 నవంబర్ 13 అర్ధరాత్రి దాటాక పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర అమెరికా ఓడల వరుసకి ముందు నడిచింది. చీకట్లో జపాన్ ఓడలు మరీ దగ్గరగా ఎదురయ్యాయి. కరెంటు పోయి, ఒళ్లంతా దెబ్బలు తిన్న స్థితిలోనే హియే అనే పెద్ద యుద్ధనౌక మీదకి ఆరు టార్పెడోలు వదిలింది, కాసేపటికి తనూ మునిగింది, దాదాపు 70 మంది పోయారు. ఆ తర్వాత 1944లో ఒకటి, 1979లో సేవలోకొచ్చిన ఇంకొకటి ఇదే పేరు మోశాయి, ఆఖరిది 2005లో విరమించింది.